ముందు చెప్పిన మాట, తర్వాత చెప్పిన మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం ఆన్‌లైన్ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం "మన జ్ఞానం - నేటి సైన్సు". ఇది ఒక పూటలో తేలేది కాదు. మేము, అంటే ఈ సంఘంలో బడిపంతుళ్లుగా ఉన్న నలుగురం, రెండు రాత్రులు కూర్చుని దీన్ని ఒక్క ప్రశ్నకు కుదించుకున్నాం. ఒక మాటను జరగకముందే చెప్పి, అది నిజమైతే దానికి ఎంత విలువ? జరిగిపోయాక "ఇందుకే ఇలా జరిగింది" అని చెబితే దానికి ఎంత విలువ? రెండూ ఒకటేనా, తేడా ఉందా?

ఈ ప్రశ్న మాకు పుస్తకంలో దొరకలేదు. మన వాట్సాప్ గ్రూపులో దొరికింది. ఆ మధ్య పెద్ద వాన పడి వాగులు పొంగిన రోజున ఒక తమ్ముడు "మన పెద్దలు ఈ సంగతి ముందే చెప్పారు, మన జ్ఞానం సైన్సు కన్నా గొప్పది" అని పెట్టాడు. పట్నంలో చదువుతున్న ఇంకో తమ్ముడు "ఇవన్నీ మూఢనమ్మకాలు, వీటి వల్లే మనం వెనకబడ్డాం" అని జవాబిచ్చాడు. తెల్లారేసరికి లెక్కలేనన్ని మెసేజీలు. అన్నీ చదివాం. ఏ పెద్దాయన చెప్పాడు, ఏ రోజు చెప్పాడు, ఎవరి ముందు చెప్పాడు, సరిగ్గా ఏమని చెప్పాడు అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. పొగిడినవాళ్లకూ అక్కర్లేదు, తిట్టినవాళ్లకూ అక్కర్లేదు.

మాలో ఒకరి ఊళ్లో జరిగిన సంగతి చెబుతాం. చాలా ఏళ్ల కిందటిది. వాన గుర్తులు చూసే పెదనాన్న ఒకాయన ఉండేవాడు. చీమలు గుడ్లు మోసుకుని ఏ వైపు పోతున్నాయి, ఏ చెట్టు ఎప్పుడు చిగిర్చింది, గాలి ఎటు తిరిగింది, ఇవన్నీ చూసి చెప్పేవాడు. ఆ ఏడాది "వారంలో వాన పట్టుకుంటుంది, గింజలు జల్లేయండి" అన్నాడు. ఊరంతా పోడు మీద సామలు జల్లారు. ఒక జల్లు పడింది. మొలక వచ్చింది. తర్వాత ఇరవై రోజులు ఎండ కాసింది. మొలకంతా మాడిపోయింది. దాచుకున్న విత్తనం పోయింది, మళ్లీ జల్లడానికి అప్పు చేసి గింజలు తెచ్చుకున్నారు. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

తర్వాత ఒక సాయంత్రం ఆయన అందరిముందూ వివరం చెప్పాడు. "చీమలు కొండ వైపే పోయాయి గానీ మధ్యలో ఆగాయి. ఆగితే వాన వచ్చి ఆగిపోతుందని అర్థం. నేనే సరిగా చూడలేదు" అన్నాడు. అందరూ తలూపారు. ఒక్క అవ్వ మాత్రం అంది: "ఆ మాట గింజలు జల్లక ముందు చెప్పాల గదా తమ్ముడూ!"

ఇవాళ మేము చెప్పబోయేదంతా ఆ అవ్వ అన్న మాటకు వివరణే. ఆమెకు చదువు రాదు. కానీ ఇంగ్లండులో ఇద్దరు పెద్ద తత్వవేత్తలు పుస్తకాలకు పుస్తకాలు రాసుకుని వాదించుకున్నది ఈ విషయం మీదే. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాం. ముందు పదో తరగతిలో మీరంతా చూసిన ఒక పట్టిక దగ్గరికి పోదాం.

రసాయన శాస్త్రం తరగతి గోడకు వేలాడే ఆవర్తన పట్టిక గుర్తుందా? బట్టీ పట్టలేక తిట్టుకున్నదే. దాన్ని 1869లో రష్యాలో మెండలీవ్ వేశాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. వాటిని బరువుల వరసలో పేర్చుకుంటూ పోతే గుణాలు కొంత దూరానికి ఒకసారి తిరిగి వస్తున్నాయని చూశాడు. ఇంతవరకు ఇంకొందరు కూడా చూశారు. జర్మనీలో లోథర్ మేయర్ దాదాపు అదే కాలంలో అలాంటి పట్టికే వేశాడు. మెండలీవ్ ఇంకో అడుగు వేశాడు. వరస కుదరని చోట ఖాళీ గడి వదిలి, "ఇక్కడ ఉండాల్సిన మూలకం ఇంకా ఎవరికీ దొరకలేదు, దొరికితే ఇలా ఉంటుంది" అని 1871లో అచ్చేశాడు. అల్యూమినియం కింద ఉన్న ఖాళీకి ఏక-అల్యూమినియం అని పేరు పెట్టాడు. ఆ "ఏక" మన ఒకటీ రెండూ లెక్కలోని సంస్కృతం ఏకే. దాని పరమాణు భారం 68 దగ్గర ఉంటుందని, సాంద్రత 5.9 దగ్గర ఉంటుందని, తక్కువ వేడికే కరుగుతుందని రాశాడు. కంటితో చూడని లోహం గురించి దశాంశంతో సహా చెప్పాడు.

నాలుగేళ్లకు, 1875లో, ఫ్రాన్సులో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే ఆయన పిరెనీస్ కొండల జింకు ఖనిజంలో ఒక కొత్త లోహం కనిపెట్టి గాలియం అని పేరు పెట్టాడు. చేతిలో పట్టుకుంటే కరిగిపోయే లోహం. దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, మన ఎండాకాలంలో అయితే బల్ల మీదే కరుగుతుంది. దాని సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది. లోహాన్ని చూడనైనా చూడని మెండలీవ్ అక్కడి నుంచి, "మీ కొలత తప్పు, 5.9 దగ్గర రావాలి, ఇంకా శుద్ధి చేసి చూడండి" అని తెలియజేశాడు. ఫ్రాన్సు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి! అయినా లోహాన్ని మళ్లీ శుద్ధి చేసి కొలిచాడు. 5.9 వచ్చింది.

1879లో నిల్సన్ కనిపెట్టిన స్కాండియం ఇంకో గడిలో కూర్చుంది. 1886లో వింక్లర్ కనిపెట్టిన జెర్మేనియం మూడో గడిలో కూర్చుంది. మెండలీవ్ దాని పరమాణు భారం 72 అన్నాడు, 72 మీద కొద్దిగా వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. మెండలీవ్ చెప్పినవన్నీ నిజం కాలేదు. హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకాలు ఉంటాయని తర్వాత రోజుల్లో చెప్పాడు, అవి లేవు. 1894లో ఆర్గాన్ బయటపడినప్పుడు దానికి ఆయన పట్టికలో గడే లేదు. మన పాఠ్యపుస్తకాలు నిజమైన మూడింటి గురించి చెప్పి తప్పినవాటిని వదిలేస్తాయి. అంటే మన పెదనాన్నను మనం ఎలా గుర్తుపెట్టుకుంటామో మెండలీవ్‌నూ లోకం అలాగే గుర్తుపెట్టుకుంది. నిజమైనది కథ అవుతుంది, తప్పినది మరపున పడుతుంది. ఇది అడవిలోనూ ఉంది, అకాడమీలోనూ ఉంది.

ఇప్పుడు ఆ ఇద్దరు తత్వవేత్తల సంగతి. ఒకరు విలియం హ్యూవెల్, ఇంకొకరు జాన్ స్టువర్ట్ మిల్. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఈ వాదం నడిచింది. హ్యూవెల్ ఏమన్నాడంటే, ఒక సిద్ధాంతం తెలిసిన సంగతులను వివరిస్తే మంచిదే గానీ, అంతవరకు ఎవరికీ తెలియని కొత్త రకం సంగతిని ముందే చెప్పి అది నిజమైతే దాని బలం వేరు. మిల్ ఒప్పుకోలేదు. ముందు చెప్పడం చూసి మామూలు జనం నోరెళ్లబెడతారు గానీ, తర్కం ప్రకారం చూస్తే ఒక సంగతి సిద్ధాంతానికి సరిపోయిందా లేదా అన్నదే ముఖ్యం, ఆ సంగతి నిన్న తెలిసిందా రేపు తెలుస్తుందా అన్నది కాదు అని ఆయన వాదం. తేదీ మారితే నిజం మారుతుందా అని.

మొదటిసారి చదివినప్పుడు మాకు మిల్ మాటే సరైనదనిపించింది. గాలియం 1860లోనే దొరికి ఉంటే మెండలీవ్ పట్టిక తప్పయ్యేదా? కాదు గదా!

కానీ విల్లు పట్టిన ఇంట్లో పుట్టినవాళ్లకు హ్యూవెల్ మాట కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకడు ముందు చెట్టు మీద గురి గుర్తు పెట్టి, వెనక్కి నడిచి వచ్చి బాణం వేస్తాడు. ఇంకొకడు ముందు బాణం వేసి, అది గుచ్చుకున్న చోటుకు పోయి చుట్టూ గిరి గీస్తాడు. మరునాడు ఎవరైనా వచ్చి చూస్తే రెండు చెట్లూ ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ గిరి మధ్యలో బాణం ఉంటుంది. అయినా వేటకు ఎవరిని తీసుకుపోతారు? చెట్టును చూసి ఆ సంగతి తెలియదు. గిరి ఎప్పుడు గీశారో తెలిస్తేనే తెలుస్తుంది.

కాబట్టి తేదీకి విలువ ఉంది. అయితే అది తేదీగా కాదు, మోసపోకుండా మనకు ఉండే ఒక కాపలాగా. ముందే చెప్పినవాడు ఫలితాన్ని చూసి తన మాటను దానికి తగ్గట్టు వంచలేడు. తర్వాత చెప్పేవాడు వంచగలడు. వంచాడని కాదు, వంచే వీలుంది. మన పెదనాన్న అబద్ధాలకోరు కాదు. చీమలు ఆగాయన్నది నిజమే కావచ్చు. కానీ చీమలు ఆగినా, ఆగకపోయినా, వాన వచ్చినా, రాకపోయినా ఏదో ఒక వివరణ దొరికేటట్టుంటే, ఆ గుర్తులు మనకు ఏమీ చెప్పడం లేదన్నమాట.

మరి వంచే వీలు లేని చోట తర్వాత చెప్పిన మాటకూ బలం ఉండాలి గదా? ఉంటుంది. దీనికి ఆకాశంలో మంచి ఉదాహరణ ఉంది. ఒకే మనిషి ఒకే పద్ధతితో ఒకసారి గెలిచి ఒకసారి ఓడిన కథ కూడా అందులోనే ఉంది.

యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని అందరికీ తెలుసు. ఫ్రాన్సులో లెవెరియే అనే గణితవేత్త, బయట ఎక్కడో ఇంకో గ్రహం ఉండి దాన్ని లాగుతోందని లెక్కగట్టి, ఏ దిక్కున చూడాలో బెర్లిన్‌కు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి అక్కడ గాలె దుర్భిణి తిప్పి చూస్తే, చెప్పిన చోటుకు ఒక్క డిగ్రీ లోపలే కొత్త గ్రహం ఉంది. అదే నెప్ట్యూన్. న్యూటన్ సిద్ధాంతానికి ఇంతకన్నా పెద్ద గెలుపు లేదనుకున్నారు. తర్వాత బుధగ్రహం కూడా లెక్కకు కొంచెం తప్పి నడుస్తోందని ఇదే లెవెరియే 1859లో తేల్చాడు. ఈసారీ అదే మందు వేశాడు. సూర్యుడికి దగ్గరగా ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. చూశామన్నవాళ్లూ బయల్దేరారు! ఏళ్లకేళ్లు వెతికారు. అలాంటి గ్రహం లేదు.

బుధుడి తేడా ఎంతో తెలుసా? వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో 43 భాగాలు. ఆ చిన్న తేడా యాభై ఏళ్లకు పైగా ఎవరికీ కొరుకుడు పడలేదు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణకు కొత్త సిద్ధాంతం రాసి దానితో లెక్కగడితే సరిగ్గా ఆ 43 వచ్చింది. ఇది ముందు చెప్పిన మాట కాదు. అందరికీ తెలిసిన పాత సంగతే. కానీ ఆయన సిద్ధాంతంలో బుధుడి కోసమని తిప్పి సరిచేసుకునే మర ఏదీ లేదు. ఆ సమీకరణాలు ఏది ఇస్తే అదే తీసుకోవాలి. గిరి తర్వాత గీసినా, గీసే చెయ్యి కట్టేసి ఉంది. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని గట్టి సాక్ష్యంగానే తీసుకున్నారు.

ముందు చెప్పిన మాట కూడా ఆయన దగ్గర ఉంది. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రపు వెలుతురు 1.75 ఆర్క్ సెకన్లు వంగుతుందన్నాడు. న్యూటన్ లెక్కన అయితే అందులో సగమే. 1919 మే 29 సూర్యగ్రహణంలో కొలిస్తే ఫలితం ఐన్‌స్టీన్ వైపు వచ్చింది. పత్రికలు ఊగిపోయింది దానికే. ఈ రెండింటిలో ఏది గట్టి సాక్ష్యం అన్నదాని మీద ఇప్పటికీ వాదం ఉంది. మా నలుగురిలోనే ఇద్దరు ఇటు, ఇద్దరు అటు.

గ్రహణం అంటే ఒకటి గుర్తొచ్చింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. ఏ రోజు, ఏ ఊళ్ల మీదుగా నీడ పోతుందో ముందే లెక్క తెలియబట్టే అంత దూరం నుంచి బయల్దేరాడు. ఆ లెక్క తప్పితే ప్రయాణమంతా దండగే. ముందు చెప్పిన మాట మీద మనిషి ఏం పణం పెడతాడో చూస్తే ఆ మాట మీద అతనికెంత నమ్మకమో తెలుస్తుంది. మన ఊళ్లో పణం పెట్టింది విత్తనం.

అందుకే ఇప్పుడు వాన దగ్గరికి వస్తున్నాం. ఇక్కడే మనకు అసలు పని ఉంది.

మన దేశ వాతావరణ శాఖ 1875లో మొదలైంది. అప్పటి అధికారి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల్లో మంచు ఎక్కువ పడితే మైదానంలో వాన తగ్గుతుందని ఒక గుర్తు పట్టాడు. 1880లలో దాన్నిబట్టి వానాకాలం గురించి ముందుగా చెప్పడం మొదలుపెట్టారు. గమనించారా? మంచు చూసి వాన చెప్పడం, చెట్టు చూసి వాన చెప్పడం మొదట ఒక జాతి పనులే. ఒకటి నీటు దుస్తుల్లో ఉంది, ఇంకొకటి గోచీలో ఉంది. కొన్నేళ్లు బాగానే నడిచింది, తర్వాత ఆ గుర్తు దగా చేసింది. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచమంతటి గాలి ఒత్తిడులు, వానలు, మంచులు పక్కపక్కన పెట్టి లెక్కలతో గుర్తులు వెతికాడు. ఆ వెతుకులాటలో పసిఫిక్ మహాసముద్రం రెండు వైపులా గాలి ఒత్తిడి ఊయల్లా ఊగుతుందని బయటపడింది. ఇప్పుడు మనం టీవీలో వినే ఎల్‌నినో మాటకు అది తోడు. కానీ ఆయన ఎంచుకున్న గుర్తుల్లో చాలావాటికి కాలం గడిచేకొద్దీ బలం తగ్గిపోయింది.

1988 నుంచి వాతావరణ శాఖ 16 గుర్తులతో ఒక నమూనా వాడింది. గడిచిన ఏళ్ల వానకు అది బాగా సరిపోయింది. తర్వాత ఏటేటా ముందుగా చెబితే అదీ కలిసొచ్చింది. అయితే 1988 నుంచి 2001 వరకు దేశమంతటి లెక్కలో ఒక్క పెద్ద కరువు ఏడాదీ రాలేదు. అలాంటి కాలంలో "ఈ ఏడు వాన బాగానే ఉంటుంది" అని కళ్లు మూసుకుని చెప్పినవాడి మాట కూడా దాదాపు ప్రతి ఏడూ నిజమే అవుతుంది. నిజమైందా అని అడిగితే చాలదు, తప్పే వీలు ఎంత ఉంది అని కూడా అడగాలి. ఇరవయ్యో శతాబ్దంలో కార్ల్ పాపర్ అనే తత్వవేత్త పట్టుబట్టి చెప్పింది ఈ మాటే. తప్పే ప్రమాదం నెత్తిన పెట్టుకోని మాట పరీక్ష పాసైందని అనకూడదు.

2002లో ఆ ప్రమాదం వచ్చింది. సగటులో 101 శాతం వాన పడుతుందని చెప్పారు. 81 శాతం పడింది. జూలైలో వాన దాదాపు సగానికి పడిపోయింది. దేశమంతా కరువు. వివరణలు తర్వాత చాలా వచ్చాయి. వాతావరణ శాఖవాళ్లు ఆ నమూనాను పక్కనపెట్టి మరుసటి ఏడాదే గుర్తులు తగ్గించి కొత్తవి తెచ్చారు. కొత్త నమూనా కూడా 2004లో దెబ్బ తింది. ఇది ఎవరినీ ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. వాళ్లు తేదీ వేసి, అంకె వేసి, అందరికీ వినిపించేలా ముందే చెప్పారు. అందుకే తప్పిందని మనకు ఇవాళ తెలుస్తోంది. తప్పిందని తెలిసే చోటే బాగుపడటానికి దారి ఉంటుంది. మన పెద్దల గుర్తుల్లో ఏది తప్పింది, ఎన్నిసార్లు తప్పింది అని అడిగితే మన దగ్గర ఏముంది? కథలున్నాయి.

ఈ 16 గుర్తుల్లోని ఇరకాటం మీకు లెక్కల తరగతిలో తెలిసిందే. ముప్పై ఏళ్ల వాన ముందు పెట్టుకుని, పదహారు రకాల గుర్తులు చేతిలో ఉంటే, ఎలాగోలా వాటిని కలిపి ఆ ముప్పై ఏళ్లకు సరిపోయేలా చేయవచ్చు. అందులో కొంత నిజం ఉంటుంది, కొంత కాకతాళీయం ఉంటుంది. పాత లెక్క చూసి ఏది ఏదో చెప్పలేం. ముప్పైఒకటో ఏడు వస్తేనే తెలుస్తుంది. మన ఊళ్లోనూ అంతే. చీమ, తూనీగ, చింతచెట్టు, గాలి, చంద్రుడి చుట్టూ గుడి, పక్షి గూడు, ఇన్ని గుర్తులుంటే వాన పడ్డాక ఏదో ఒకటి తప్పకుండా సరిపోతుంది. ఆ ఒక్కటే నోట నిలుస్తుంది.

అంటే మన పెద్దల మాటల్లో ఏమీ లేదా? మేము ఆ మాట అనడం లేదు. ఇండోనేషియాలో సుమత్రాకు పడమరగా సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ భూమి కంపించి, సముద్రం వెనక్కిపోయి, తర్వాత పెద్ద అల వచ్చి ఎందరినో మింగింది. బతికినవాళ్లు ఆ సంగతిని "స్మోంగ్" అనే ఒక్క మాటలో పెట్టి పాటలుగా, కథలుగా పిల్లలకు నేర్పారు. భూమి గట్టిగా అదిరి సముద్రం వెనక్కిపోతే కొండెక్కు. అంతే. 97 ఏళ్లు గడిచాయి. 2004 డిసెంబర్ 26న భూకంపం ఆ దీవికి అతి దగ్గరలోనే వచ్చింది. నిమిషాల్లో అల వచ్చింది. సైరన్లు లేవు, ఫోను హెచ్చరికలు లేవు. దాదాపు 78 వేల మంది ఉన్న దీవిలో చనిపోయింది ఏడుగురు. అదే ఇండోనేషియాలో మొత్తం మీద లక్షా అరవై వేలకు పైగా పోయారు.

ఈ మాటను మన కొలతతో కొలవండి. ముందే చెప్పిందా? తొంభై ఏడేళ్ల ముందు. స్పష్టంగా ఉందా? ఏం కనిపిస్తే ఏం చేయాలో చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. తప్పే వీలుందా? భూమి అదిరి, సముద్రం వెనక్కిపోయి, అల రాకపోతే తప్పినట్టే. ఇన్ని ఉండి నిజమైంది. దీన్ని మూఢనమ్మకం అనే ధైర్యం ఎవరికుంది? అలాగని దాని హద్దూ చూడాలి. అదే అల దూర తీరాలకు చేరేసరికి చాలాచోట్ల జనానికి భూమి గట్టిగా అదిరినట్టే తెలియలేదు. అక్కడ ఈ గుర్తులో మొదటి సగం పని చేయదు. అల ఎందుకు వస్తుందో "స్మోంగ్" చెప్పదు. ఎక్కడెక్కడికి ఎంతసేపట్లో పోతుందో చెప్పాలంటే సముద్రపు లోతు, భూమి పలకల కదలిక తెలిసిన లెక్క కావాలి. ఈ దీవివాళ్ల మాట చిన్నది, హద్దున్నది, నిజమైనది. గొప్పలు చెప్పుకునే మాటల్లో ఈ మూడూ సాధారణంగా ఉండవు.

ఇంకో సంగతి కూడా తేటగా చెప్పాలి, లేకపోతే పెద్దలు మమ్మల్ని ఇంటికి రానివ్వరు. మన దగ్గర ఉన్నదంతా జోస్యం కాదు. కొత్తల పండుగ చేసుకుని గానీ కొత్త పంట తినకపోవడం ఒక సిద్ధాంతం కాదు, దాన్ని నిజమా అబద్ధమా అని పరీక్షించడం తెలివితక్కువ పని. పాట, ఆట, మొక్కు, పూర్వీకుల తలపు, ఇవి ఎవరి ముందూ రుజువు చేసుకోవాల్సినవి కావు. "ఈ గుర్తు కనిపిస్తే ఇది జరుగుతుంది" అని చెప్పి, ఆ మాట మీద ఇంకొకరు విత్తనమో, డబ్బో, ప్రాణమో పెట్టే చోట మాత్రమే ఈ కొలత.

ఇక పని. వచ్చే ఎండాకాలం నుంచి ఒక్కో ఊళ్లో ఇద్దరేసి పిల్లలు ఒక రూళ్ల నోటు పుస్తకం పెట్టాలని మా ఆలోచన. రోహిణి కార్తె రాకముందే ఊళ్లో వాన గుర్తులు తెలిసిన తాతల దగ్గర, అవ్వల దగ్గర కూర్చోవాలి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, మన భాషలోనే రాయాలి. ఏ గుర్తు చూశారు, దాన్నిబట్టి ఏమంటున్నారు, ఎన్ని రోజుల్లో, ఏం జరిగితే ఈ మాట తప్పినట్టు అని ఒప్పుకుంటారు. ఈ చివరి ప్రశ్న అడగడం కష్టం. మర్యాదగా అడగాలి, కానీ వదలకూడదు. తేదీ వేసి ఇద్దరు సాక్షుల సంతకాలో వేలిముద్రలో పెట్టించాలి. తర్వాత కొట్టివేతలు లేవు. వాన కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చెట్లకు దూరంగా పెట్టి, రోజూ పొద్దున్నే స్కేలుతో నీళ్లు కొలిస్తే చాలు. తప్పినవి ఎర్ర సిరాతో కాదు, నీలి సిరాతోనే రాయండి. అది పరీక్ష పేపరు కాదు.

ఒక్క ఏడాదికి ఏమీ తేలదు. ఐదారేళ్లు అయితే ఏ గుర్తు నిలుస్తోంది, ఏది ఊరికే నోటిమాట అన్నది కొంచెం తెలుస్తుంది. ఏదీ నిలవకపోనూ వచ్చు. అప్పుడు మనకు బాధగా ఉంటుంది. కానీ ఆ ఏడు ఏ ఇంట్లోనూ విత్తనం దండగ కాదు. ఒకటి రెండు నిలిస్తే వాటిని పట్టుకుని ఏ విశ్వవిద్యాలయానికైనా పోవచ్చు, "మా వాళ్లు ముందే చెప్పారు" అని కాకుండా, "ఇదిగో పుస్తకం, ఇవిగో తప్పినవి, ఇవిగో నిజమైనవి" అని.

ఈ ఆలోచన ముందుగా మా ఊరి పెద్దాయన ఒకరికి చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మమ్మల్ని తప్పుపడుతున్నాడేమో అనుకున్నాం. తర్వాత చుట్ట ఆర్పి, "రాసుకోండిరా, నేను చెబుతాను. కానీ ఒక షరతు. మీ ఫోన్లో వాన అని రోజూ వస్తుంది చూడు, దాన్ని కూడా అదే పుస్తకంలో, నా మాట పక్కనే రాయాలి" అన్నాడు.

ఒప్పుకున్నాం. అందుకే పుస్తకంలో ప్రతి పేజీకి మధ్యలో ఒక నిలువు గీత ఉంటుంది. ఎడమ వైపు తాత, కుడి వైపు ఫోను. మీ ఊరి పేరు, పుస్తకం పెట్టే ఇద్దరి పేర్లు ఉగాదిలోపు సంఘానికి పంపండి. నోటు పుస్తకాలు మేము కొంటాం, డబ్బాలు మీరు వెతుక్కోండి.